పనితనానికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి

తిరుపతి నుంచి శ్రీసిటీకి రోజూ కంపెనీ బస్సులో పోయి వచ్చే మాలాంటి వాళ్ళందరికీ జపాన్ గురించి ఒక అభిప్రాయం ఉంటుంది. ఉండక తప్పదు. అక్కడ జపాన్ కంపెనీలు బోలెడున్నాయి, లైన్ మీద ఒక పార్టు కొంచెం తేడాగా వస్తే దాన్ని చేతిలో పట్టుకుని ఎందుకొచ్చింది, ఆ ఎందుకుకి మళ్ళీ ఎందుకు అని వదలకుండా అడిగే మనుషుల్ని మేము దగ్గర నుంచే చూస్తాం. నేను క్వాలిటీ సెక్షన్‌లో చేస్తాను, అంటే పక్క సెక్షన్ల వాళ్ళతో తిట్లు తినడమే నా ఉద్యోగం. సాయంత్రం బస్సులో ఆ మాటా ఈ మాటా అయ్యాక ఎవరో ఒకరు కచ్చితంగా ఆ డైలాగు కొడతారు. "అది వాళ్ళ రక్తంలోనే ఉందప్పా, మనకు రాదు. మనం అడ్జస్ట్ అయిపోయే రకం." చుట్టూ నలుగురు తలూపి, సీటు వెనక్కి వాల్చి నిద్రపోతారు.

నాకు ఈ రక్తం థియరీ అస్సలు నచ్చదు. పైకి పొగడ్తలా వినిపిస్తుంది గానీ లోపల మన బద్ధకానికి సాకు ఉంటుంది, వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడమూ ఉంటుంది. రక్తంలోనే ఉంటే ఇక నేర్చుకోవడం దేనికి? జపాన్‌లో 1974లో సంప్రదాయ చేతిపనుల కోసం ఒక చట్టం తెచ్చారు. దాని కింద గుర్తింపు రావాలంటే ఆ వస్తువు రోజూ ఇళ్ళలో వాడేదై ఉండాలి, ముఖ్యమైన పని చేత్తోనే జరగాలి, పద్ధతికీ ముడిసరుకుకీ కనీసం వందేళ్ళ చరిత్ర ఉండాలి. ఆ రంగంలో సర్టిఫికెట్ ఉన్న కళాకారుడు అనిపించుకునే పరీక్షకు కూర్చోవాలంటే పన్నెండేళ్ళు పని చేసి ఉండాలి. ఆ టైములో ఎంబీబీఎస్ రెండుసార్లు చదివేయొచ్చు.

కొన్నేళ్ళుగా ఈ జపాన్ చేతిపనుల గురించి దొరికింది దొరికినట్టు చదువుతున్నాను, వీడియోలు చూస్తున్నాను. చూడగా చూడగా నాకు అనిపించింది ఏంటంటే, అక్కడ ఏ పని గట్టిగా నిలబడిందో దాని వెనక డబ్బు కట్టేవాడు, ఆగగలిగేవాడు, తేడా వస్తే కనిపెట్టేవాడు ఒకడు ఉన్నాడు. వాడు లేని చోట జపాన్‌లోనూ పని పోయింది.

ఇసే పుణ్యక్షేత్రం సంగతే తీసుకోండి. సూర్యదేవత అమతెరాసు ఉండే చోటు. అక్కడ ఇరవై ఏళ్ళకోసారి గుడిని పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో కొత్తగా కట్టి, దేవతను అందులోకి తీసుకెళ్ళి, పాతదాన్ని విప్పేస్తారు. 690లో మొదలైన ఆచారం. యుద్ధాల కాలంలో వందేళ్ళకు పైగా ఆగిపోయిన మాట నిజమే, మళ్ళీ పట్టుకున్నారు, 2013లో జరిగింది 62వ సారి. (తిరుమలలో పన్నెండేళ్ళకోసారి బాలాలయం అని తాత్కాలిక గుడి కట్టి మహాసంప్రోక్షణం చేస్తారు కదా, 2018లో చేశారు, కాబట్టి తిరుపతి వాళ్ళకు ఈ ఆలోచన మరీ కొత్తేం కాదు. గుడి మొత్తం విప్పేయడమే మనకు కళ్ళు తిరిగే విషయం.) గుడితో పాటు దేవతకు పెట్టే బట్టలు, కత్తులు, అద్దాలు, గుర్రపు జీనులు, అన్నీ కలిపి 714 రకాలు, 1,576 వస్తువులు పాత కొలతలతో కొత్తగా చేయిస్తారు. తర్వాతిది 2033లో. దాని క్రతువులు 2025లోనే మొదలైపోయాయి, ఎందుకంటే చెట్లు కొట్టి, ఆరబెట్టి, కోసి సిద్ధం చేయడానికి ఎనిమిదేళ్ళు పడుతుంది.

ఇప్పుడు అక్కడి వడ్రంగి వైపు నుంచి చూడండి. ఇరవై ఏళ్ళ వయసులో వాడు పెద్దవాళ్ళకు చెక్క అందిస్తూ చూస్తాడు, నలభైలో తానే చేస్తాడు, అరవైలో పక్కన నిలబడి చిన్నవాళ్ళను తిడతాడు. ఒక మనిషి జీవితంలో ఒకే పని మూడుసార్లు ఎదురయ్యేలా క్యాలెండర్ ఉంది. అలాంటి క్యాలెండర్ ఉంటే పనితనం పోదు, పోవాలన్నా పోనివ్వరు. అడవిని కూడా అలాగే చూశారు. ఇసే అడవికి 1923లో రెండు వందల ఏళ్ళ ప్లాన్ వేశారట, అంటే అప్పుడు నాటినవాళ్ళ మునిమనవళ్ళ కాలానికి కూడా ఆ ప్లాన్ పూర్తవదు. మా కంపెనీలో ఐదేళ్ళ ప్లాన్ మూడో క్వార్టర్‌కే మారిపోతుంది.

పాత గుడి చెక్కను పారేయరన్న సంగతి కూడా చెప్పాలి. గర్భాలయపు పైకప్పు దూలాన్ని మోసిన స్తంభాలు చెక్కించుకుని ఇసే ముందున్న ఉజి వంతెన దగ్గర తోరణ ద్వారాలవుతాయి, అక్కడ ఇరవై ఏళ్ళు నిలబడి తర్వాత ఇంకో ఊరి తోరణాలుగా వెళ్ళిపోతాయి.

వీటన్నిట్లో నాకు బాగా ఇష్టమైనది నిషియోకా త్సునెకాజు కథ. 1908లో పుట్టి 1995లో పోయాడు. నారా దగ్గర హోర్యూజీ ఆలయానికి తరతరాలుగా వడ్రంగులు వాళ్ళు. ఆ ఆలయంలోవి ఇప్పటికీ నిలబడి ఉన్న చెక్క కట్టడాల్లో ప్రపంచంలోనే అతి పాతవి. ఈయన చిన్నప్పుడు తాత తీసుకెళ్ళి వ్యవసాయ బడిలో చేర్పించాడు. చెట్టు ఏ మట్టిలో ఎలా పెరుగుతుందో తెలియనివాడికి చెక్క ఏం తెలుస్తుందని ఆ ముసలాయన లెక్క. చెట్టును కాదు కొండను కొను, కొండకు దక్షిణం వైపు పెరిగిన చెట్టును గుడికి దక్షిణం వైపే వాడు, వెయ్యేళ్ళు బతికిన చెట్టుతో కడితే ఆ కట్టడం ఇంకో వెయ్యేళ్ళు నిలబడాలి, ఇవీ వాళ్ళ ఇంట్లో నేర్పిన సూత్రాలు.

నారాలోనే ఉన్న యకుషీజీ ఆలయపు పడమటి గోపురం 1528లో కాలిపోయింది. దాన్ని మళ్ళీ కట్టే పని నిషియోకాకు వచ్చింది, 1981లో పూర్తయింది. వెయ్యేళ్ళ వయసున్న హినోకి (ఒక రకం సైప్రస్) చెట్లు జపాన్‌లో ఇక దొరకవు, అందుకని తైవాన్ నుంచి తెప్పించారు. పాత కాలపు పనిముట్టు, బల్లెం ఆకారంలో ఉండే ఒక రకం చిత్రిక, ఎవరికీ వాడడం తెలియకుండా పోయింది, దాన్ని మళ్ళీ తయారు చేయించి తానే నేర్చుకున్నాడు. ఇంకో సంగతి, పక్కనే ఉన్న తూర్పు గోపురం కంటే కొత్తదాన్ని దాదాపు ఒక అడుగు ఎత్తుగా కట్టాడు. వందల ఏళ్ళలో చెక్క కుదించుకుని, పునాది కుంగి, రెండూ సమానం అవుతాయని. క్వాలిటీలో పనిచేసేవాడిగా నాకు ఇది చదివాక మతి పోయింది. మేము పార్టు ఇవాళ డ్రాయింగ్‌లో ఉన్న కొలతకు రావాలని చూస్తాం. ఈయన ఇవాళ తప్పు కొలత పెట్టి, తన మనవళ్ళ మనవళ్ళ కాలానికి అది ఒప్పవుతుందన్నాడు. ఏ ఆడిటర్ ఒప్పుకుంటాడు చెప్పండి!

ఈ కథ చెప్పేవాళ్ళు ఎక్కువమంది ఇక్కడ ఆపేసి "చూశారా, ఆ పట్టుదల" అంటారు. పట్టుదల సరే, డబ్బు ఎక్కడిది? తకాడ కోయిన్ అనే ఆ ఆలయ ప్రధాన భిక్షువు 1968లో ఒక పని మొదలుపెట్టాడు. జనం ఇంట్లో కూర్చుని ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రాన్ని చేత్తో రాసి, దాంతో పాటు వెయ్యి యెన్లు పంపాలి. పది లక్షల ప్రతులు రావాలని లెక్క. అచ్చం మన రామకోటి లాంటిదే, చివర్లో వెయ్యి యెన్ల నోటు తోడవుతుంది. పది లక్షలు వచ్చాయి, దాటాయి కూడా. 1976లో ముఖ్య మందిరం లేచింది, తర్వాత గోపురం లేచింది. అంటే నిషియోకా ఒక చెక్క నచ్చలేదని పక్కన పెట్టినప్పుడల్లా, దాని ఖర్చు ఊరూపేరూ తెలియని లక్షల మంది అప్పటికే కట్టేసి ఉన్నారు. ఆయన గొప్పతనం ఇందులో తగ్గేదేం లేదు, కానీ అదే మనిషిని తీసుకొచ్చి, నెలాఖరుకల్లా అప్పజెప్పు, రేటు పది శాతం తగ్గించు అని మన కాంట్రాక్టర్ చేతిలో పెడితే, పాపం వెయ్యేళ్ళ చెట్టు మాట దేవుడెరుగు, ప్లైవుడ్ షాపు ముందు నిలబడాల్సిందే.

ఆయన శిష్యుడు ఒగావా మిత్సువో సంగతి కూడా చాలామంది చెప్పుకుంటారు. గురువు ఒకరోజు చిత్రిక పట్టి పల్చటి పొట్టు ఒకటి చేతికిచ్చి, ఇలాంటిది వచ్చేదాకా సాధన చెయ్ అన్నాడు, పాఠం అంతే. అంతకుముందు ఏడాదంతా ఇనుము సానబట్టడమే. ఇది నేర్పడంలో గొప్ప పద్ధతా, లేక కుర్రాళ్ళ మీద పెద్దరికమా అంటే, నాకు రెండూ కనిపిస్తాయి. ఇవాళ జపాన్‌లో కుర్రాళ్ళు ఈ పనుల్లోకి రావడం తగ్గిందంటే ఆ పద్ధతికి కూడా అందులో వాటా ఉంటుంది.

ఆ పొట్టు గురించి ఒక పక్క మాట. చిత్రికతో ఎవరు ఎంత పల్చగా తీయగలరని జపాన్ వడ్రంగులు పోటీలు పెట్టుకుంటారు, మైక్రోమీటర్‌తో కొలుస్తారు, గెలిచేవాళ్ళవి ఐదు మైక్రాన్ల లోపు కూడా ఉంటాయి. మన వెంట్రుక డెబ్బై మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. సరదా పోటీలా కనిపిస్తుంది గానీ దానికో ఉపయోగం ఉంది. పదునైన ఇనుముతో నున్నగా కోసిన చెక్క పీచు లేవదు, నీళ్ళు నిలవవు. అదే ఉప్పుకాగితంతో రుద్దితే పైకి నున్నగా ఉన్నా పీచు చిరిగి ఉంటుంది, తడి పీలుస్తుంది.

వజిమా ఊళ్ళో ఉరుషి పూత వేసి చేసే చెక్క గిన్నెలది ఇంకో రకం పని. ఉరుషి అంటే ఒక చెట్టు పాలు (మన ఏటికొప్పాక బొమ్మల లక్క వేరు, అది పురుగు నుంచి వస్తుంది). పది, పదిహేనేళ్ళు పెంచిన చెట్టుకు ఒక సీజన్ అంతా గాట్లు పెడితే వచ్చేది రెండు వందల గ్రాములు, తర్వాత ఆ చెట్టును కొట్టేస్తారు. ఈ పాలు మన పెయింట్ లాగా గాలికి ఎండవు, గాలిలో తేమ డెబ్బై, ఎనభై శాతం ఉంటేనే గట్టిపడతాయి, అందుకని పూత వేసిన గిన్నెల్ని తడి బీరువాలో పెడతారు. మే నెల తిరుపతిలో అయితే ఆ పని అసలు సాగదు. వందకు పైగా దశలుంటాయి, అందులో నాకు నచ్చింది కంటికి కనిపించనిది. గిన్నె అంచు తొందరగా పగిలే చోటు కాబట్టి అక్కడ పూత కింద గుడ్డ అతికించి, వజిమాలో దొరికే ఒక రకం మట్టిని కాల్చి పొడి చేసి ఉరుషిలో కలిపి, పొరలు పొరలుగా వేస్తారు. పైన నల్లగా మెరిసే పూత పడ్డాక ఇదంతా ఎవరికీ కనిపించదు. గిన్నె పాతికేళ్ళు వాడి అంచు ఊడినప్పుడు మాత్రమే ఎవడు మోసం చేశాడో తెలుస్తుంది. అప్పుడు బాగుచేయమని అదే ఊరికి పంపుతారు, ఎప్పటికైనా తన పని తన దగ్గరికే తిరిగొస్తుందని తెలిసినవాడు అంచులో గుడ్డ మానేయడు.

కానీ జపాన్‌లో వాడే ఉరుషిలో తొంభై శాతానికి పైగా చైనా నుంచి వచ్చేదే. సొంత చెట్లు, గాట్లు పెట్టేవాళ్ళు దాదాపు అయిపోయే స్థితికి వచ్చారు. 2015లో అక్కడి సాంస్కృతిక శాఖ, జాతీయ సంపదగా గుర్తించిన కట్టడాల మరమ్మతుకు స్వదేశీ ఉరుషే వాడాలని నిర్ణయం తీసుకుంది, దాంతో ఇవాతే జిల్లాలోని జోబోజీలో మళ్ళీ చెట్లు నాటడం, కుర్రాళ్ళకు నేర్పించడం ఊపందుకున్నాయి. చూశారా, రక్తం అదే, మారింది ఆర్డర్ ఒక్కటే. కత్తులదీ అంతే. యుద్ధం తర్వాత పాత పద్ధతిలో ఉక్కు తీసే కొలిమి ఆగిపోతే, కత్తుల పరిరక్షణ సంఘం వాళ్ళు 1977లో షిమనె కొండల్లో మళ్ళీ వెలిగించారు. మూడు పగళ్ళు మూడు రాత్రులు ఆపకుండా మండిస్తారు, పది టన్నుల దాకా ఇనుప ఇసుక పోస్తే చివరికి కత్తికి పనికొచ్చే మేలు ఉక్కు ఒక టన్ను కూడా రాదు. ఇక వజిమా 2024 జనవరి 1 భూకంపంలో ఎంత దెబ్బతిందో పేపర్లో చదివే ఉంటారు. సంప్రదాయ వస్తువుల అమ్మకాలు 1980లతో పోలిస్తే బాగా పడిపోయాయి. ప్లాస్టిక్ గిన్నె అక్కడ కూడా చవకే.

ఇంకొకటి, అక్కడ మంచి పని అంటే లోపం లేకపోవడం అని మాత్రమే అనుకోకండి. క్యోటోలో దైతోకుజీ ఆవరణలోని ఒక ఉపాలయంలో కిజాయెమొన్ అని పిలిచే టీ గిన్నె ఉంది, జపాన్ జాతీయ సంపద. అది కొరియాలో ఎవరో పేరు తెలియని కుమ్మరి చేసిన మామూలు గిన్నె, గరుగ్గా ఉంటుంది, సరిగ్గా గుండ్రంగా కూడా ఉండదు. మా ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీదికి వస్తే రెండు సెకన్లలో ఎర్ర స్టిక్కర్ పడుతుంది. దాన్ని నెత్తిన పెట్టుకున్నది టీ తాగే పెద్దమనుషులు, వాళ్ళ కన్ను దాని మీద పడింది కాబట్టి అది సంపద అయింది.

మనకు రాదు అనేవాళ్ళకు నేను కొండ మీది పోటు, అంటే తిరుమల గుడి వంటశాల, గుర్తు చేస్తుంటాను. లడ్డూకి దిట్టం అని సరుకుల కొలతల పట్టిక ఒకటి ఉంటుంది, 2001లో సవరించిన దాని ప్రకారం 5,100 లడ్డూలకు 803 కిలోల సరుకు. శనగపిండి 180, చక్కెర 400, ఏలకులు 4, ఇలా ప్రతిదానికీ తూకం. అక్కడ ఎవరూ ఈ పూట ఏలకులు అడ్జస్ట్ చేద్దాం అనరు, అంటే ఊరుకోరు. రోజూ తినే లక్షల నాలుకలు ఉన్నాయి, తేడా వస్తే ఊరంతా తెలిసిపోతుంది.

శ్రీకాళహస్తికి ఇంత కాపలా లేదు. తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న ఊరు, మన వాళ్ళు చాలామంది రాహుకేతు పూజ చేయించుకుని, టిఫిన్ తిని వెనక్కి వచ్చేస్తారు. కలంకారీ వేసే ఒక పెద్దాయన దగ్గరికి నేను అప్పుడప్పుడు పోతుంటాను. ఆయన బట్టను పేడ నీళ్ళలో నానబెట్టి, ఉతికి ఎండబెట్టి, తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరేస్తాడు. పాలలో కొవ్వు లేకపోతే గీత పాకిపోతుంది. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసుకుని, వెదురు పుల్లకు ఉన్ని చుట్టిన కలంతో కసిమి పెడతాడు. కసిమి అంటే తుప్పు ఇనుము, బెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం, పెట్టినప్పుడు పెద్దగా రంగుండదు, కరక్కాయ పట్టిన బట్టకు తగిలాక నల్లబడుతుంది. ఎన్ని రోజులకు తయారవుతుంది పెద్దాయనా అని అడిగితే, "ఎండని బట్టి నాయనా, వాసన చూస్తే తెలుస్తుంది" అన్నాడు. వాసన చూపించాడు కూడా, నాకైతే పుల్లటి కంపు తప్ప ఏమీ తెలియలేదు. ఎరుపు కోసం పటిక నీళ్ళు పెట్టి, పారే నీళ్ళలో ఉతకాలి, నిలవ నీళ్ళలో ఉతికితే పటిక పక్కకు పాకి, తర్వాత రంగులో ఉడకబెట్టినప్పుడు అక్కడ కూడా ఎర్రబడుతుంది. "పారే నీళ్ళు యాడున్నాయి ఇప్పుడు? స్వర్ణముఖిలో ఇసకే కదా" అని నవ్వాడు. తొట్టిలో బోరు నీళ్ళు వదులుతూ ఉతుకుతున్నారు.

ఇందులో వజిమా కంటే తక్కువ ఏముంది? నాకైతే ఏమీ కనిపించలేదు. తెలిసిన చేయి, ఓపిక, వాతావరణం మీద లెక్క, కంటికి కనిపించని పనులు, అన్నీ ఉన్నాయి. ఒకప్పుడు గుళ్ళకు తెరలు, రథాలకు గుడ్డలు కావాలి, అవి వేయించేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ గిరాకీ పోయి విద్య అంతరించే దశలో 1950లలో చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది, అందులోంచి మళ్ళీ ఒక తరం తయారైంది, 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. జీఐ (భౌగోళిక) గుర్తింపూ ఉంది. కొనే కన్ను మాత్రం ఇంకా రాలేదు. మా పిన్ని స్క్రీన్ ప్రింట్ చీర ఆరు వందలకు తెచ్చుకుని కలంకారీ అని అందరికీ చూపిస్తుంది, అదే రేటుకు చేత్తో వేసింది ఇమ్మని పెద్దాయన్ని అడిగితే ఆయన ఏమని చెప్పాలి? ఇవ్వలేక, కొందరు కరక్కాయ మానేసి కెమికల్ రంగులకు పోతున్నారు. వాళ్ళను నేను తప్పు పట్టలేను. అంచులో గుడ్డ పెట్టినా పెట్టకపోయినా ఒకే రేటు అంటే వజిమా వాడు కూడా మానేస్తాడు.

నన్నడిగితే టీటీడీ గానీ, శ్రీకాళహస్తి దేవస్థానం గానీ, ఫలానా ఉత్సవానికి ఫలానా తెర, ఇన్నేళ్ళకోసారి, ఈ కొలతలతో, సహజ రంగులతో, అని ఒక జాబితా రాసి పెట్టుకుంటే చాలు. అవార్డులూ ఎగ్జిబిషన్లూ అక్కర్లేదు. తేదీ ఉన్న ఆర్డర్ ఉంటే కొడుకులు నేర్చుకుంటారు. బస్సులో ఈ మాట అంటే "నువ్వు చెప్తే దేవస్థానం వింటుందా" అన్నారు. వినదు, తెలుసు.

ఈలోపు మీరు కొనేటట్టయితే, షాపులో బట్ట తిరగేసి చూడండి. చేత్తో వేసినదానికి రంగు వెనక్కి దిగి ఉంటుంది, ప్రింటుకు వెనక వెలవెలబోతుంది. ఒకే పువ్వు రెండు చోట్ల ఉంటే రెండిటినీ పక్కపక్కన పెట్టండి, ప్రింటులో తప్పు కూడా అదే చోట మళ్ళీ వస్తుంది, కలంతో అయితే ఏ రెండు గీతలూ ఒకేలా లావు ఉండవు. కొత్తదానికి పాలూ కరక్కాయా కలిసిన ఒక రకం వాసన ఉంటుంది, ఉతికేకొద్దీ పోతుంది. ఆ వాసనకు బట్ట పాడైందేమో అనుకుని వాపసు తెచ్చి గొడవ పడినవాళ్ళు కూడా ఉన్నారని పెద్దాయన చెప్పాడు.